పెరంబూరు: మనము దాటిపోవు పేట



క్రిందటి మాసమున ఊరగాయల జాడీలనుగూర్చి వ్రాసి, ఈ మాసమున పట్టుచీరల భద్రమునుగూర్చి వ్రాయుదుమని మాట యిచ్చితిమి. ఆ మాట నొక నెల వాయిదా వేయుచున్నందుకు మన్నింపుడు. తెనాలి ప్రాంతపు చందాదారురాలొకరు వ్రాసిన జాబు దీనికి కారణము. ఆమె కుమార్తెకు చెన్నపట్టణమున సంబంధము కుదిరినది. వరుడు చదువుకున్నవాడు, నెమ్మది గలవాడు, రైలుశాఖలో ఉద్యోగి. ఇచ్చిపుచ్చుకొనుటల ప్రసక్తియే రాలేదట. అన్నియు నచ్చినవి గాని యొక్క విషయమున ఆ తల్లికి మనసు కుదుటపడలేదు. పిల్ల కాపురముండవలసినది పెరంబూరులో. మైలాపూరు పక్కనున్న బంధువులకు ఈ మాట చెప్పినంతనే వారు ముఖము చిట్లించి, “ఉత్తరపు వైపా! అది మిల్లు కూలీల పేట కదమ్మా, పిల్లను అక్కడికా పంపడం?” అనిరట. “ఆ చోటెటువంటిదో మీకు తెలిసినచో వ్రాయుడు” అని ఆమె కోరిక.

జాబు చదివి మేము కొంత సిగ్గుపడితిమి. బెజవాడ వైపునుండి వచ్చి కేరళమునకు పోవు బండ్లు కొన్ని సెంట్రలు స్టేషనునకు పోక పెరంబూరులోనే ఆగును. అట్టి బండ్లలో మేమెన్ని మారులో ప్రయాణము చేసితిమి. ఆ ప్లాటుఫారము మీద కాఫీ త్రాగితిమి, కుళాయికడ చెంబు నింపుకొంటిమి. వంతెన దిగి ఊరిలోనికి మాత్రము ఒక్కనాడును పోలేదు. చూడని యూరినిగూర్చి అభిప్రాయము చెప్పుట మా బంధువర్గమునకు అలవాటే గాని, అచ్చున వేయుట తగదు. కాబట్టి ఈ తడవ పని పెట్టుకొని రెండు దినములు ఆ వీధులలో తిరిగితిమి. చదివినదానిని, చూచినదానిని కలిపి వ్రాయుచున్నాము.

తమిళమున “పిరంబు” అనగా బెత్తము. బెత్తపు పొదలుండిన చోటు గనుక ఈ పేరు వచ్చినదని అచ్చటివారందురు. 1742వ సంవత్సరమున ఆర్కాటు నవాబు ఆంగ్లేయ కంపెనీవారికి వదలిన అయిదు గ్రామములలో పెరంబూరొకటి, వేపేరి మరియొకటి. అప్పటికిది కోటకు దూరముగా పొలములతోను తోటలతోను ఉండిన పల్లెయే. దాని తలవ్రాత మార్చినది రైలు. 1856 జూలై 1వ తేదీన దక్షిణదేశమునకంతకును మొదటి ప్రయాణికుల బండి రాయపురమునుండి ఆర్కాటు దిక్కుగా వాలాజా రోడ్డు వరకు నడచినది. బండ్లు నడచిన చాలదు గదా, చక్రమరిగినను ఇరుసు విరిగినను బాగుచేయు చోటు కావలెను. ఆ సంవత్సరమే పెరంబూరులో రైలు పనిశాల వెలసినది. కమ్మరులు, వడ్రంగులు, రంగు వేయువారు, లెక్కలు వ్రాయువారు ఒక్కొక్కరుగా వచ్చి చుట్టును ఇండ్లు కట్టుకొనిరి. ఆ పనిశాలలు నేటికిని నడచుచునే యున్నవి.

రైలు తరువాత కాలువను చెప్పవలెను. మన తెలుగువారికి ఈ పేటతో గల సంబంధము దానివలననే దృఢమైనది. పందొమ్మిదవ శతాబ్దారంభమున కొక్రేను అను దొర చెన్నపట్టణమునుండి ఎన్నూరు దిక్కునకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువ క్రమక్రమముగా ఉత్తరమునకు పొడిగింపబడి, తుదకు కృష్ణా డెల్టా కాలువలతో కలిసినది. పట్టణములో కూవము నదినుండి అడయారు నదివరకు గల ముక్కను 1877–78లో తీవ్రమైన కరవు కాలమున, తిండిలేక వలసవచ్చిన జనులకు కూలి యిచ్చి త్రవ్వించిరి. అప్పటి గవర్నరు పేర దీనికి బకింగ్‌హాము కాలువ యని పేరైనది. పెరంబూరునకు దగ్గరగా నుండు బేసిన్ బ్రిడ్జి కడనే పడవలు ఆగెడివి. శ్రీహరికోట అడవి కట్టెలు, నెల్లూరి ధాన్యము, ఉప్పు ఆ పడవలలో వచ్చి దిగెడివి. చెన్నపట్టణమున ఏ యింట పొయ్యి రాజినను ఆ కట్టె యొకనాడు ఈ కాలువ దాటి వచ్చినదేయని చెప్పిన పెద్ద తప్పుండదు. ఇప్పుడా నీరు నల్లనై, ముక్కు మూసుకొని దాటవలసిన స్థితిలో నున్నది. మా వెంట వచ్చిన పిల్లవానితో “ఇందులో నెల్లూరి పడవలు వచ్చెడివిరా” అనిన వాడు నవ్వి నమ్మలేదు.

ఆ గవర్నరు పేరే 1876లో ఇక్కడ వెలసిన నూలు మిల్లునకును పెట్టిరి. 1881లో దాని సరసన కర్ణాటక మిల్లు వచ్చెను. రెంటికిని నిర్వాహకులు బిన్నీ కంపెనీవారు. 1920లో రెండును ఒక్కటియైనవి. “బి అండ్ సి” అను రెండక్షరములు దక్షిణదేశమున తెలియని బజాజు ఉండెడివాడు కాదు. రెండు ప్రపంచ యుద్ధముల కాలమునను సిపాయిల ఖాకీ గుడ్డకు ఈ మిల్లులు పేరుపొందినవి. ఎండకు వెలిసిపోక, ఉతుకులకు ఓర్చు ఖాకీ యది. మన యిండ్లలో తాతల నాటి పెట్టెలడుగున నేటికిని ఆ గుడ్డతో కుట్టిన నిక్కరో కోటో దొరకవచ్చును.

ఆ గుడ్డ నేసినవారి బ్రతుకెట్టిదో కొంచెము నిలిచి చూడవలెను. 1918 నాటికి ఈ రెండు మిల్లులలోను సుమారు పదివేలమంది పని చేయుచుండిరి. చెంగల్పట్టు, ఆర్కాటు పల్లెలనుండి వచ్చినవారు, తురకలు, ఆదిద్రావిడులు, తెలుగు మాటాడువారు అందరును అందుండిరి. యంత్రములకడ నిలిచినవారు అధికముగా పురుషులే. అయినను మిల్లు నడపినది వారొక్కరే కాదు. తెల్లవారుజామున కూత వినబడులోపల పొయ్యి రాజవేసి, అన్నము వార్చి, గిన్నె కట్టి యిచ్చిన స్త్రీకి ఏ పట్టీలోను పేరు లేదు. పసివారి సంగతియు వినుడు. 1891 నాటి ఫాక్టరీ చట్టము ప్రకారము తొమ్మిదేండ్ల పిల్లవానిని పనిలో పెట్టుకొనవచ్చును, దినమునకు ఏడు గంటలకు మించరాదు, అంతియే. సగము పూట మిల్లులో, సగము పూట బడిలో నుండు పిల్లలకొరకు ఈ మిల్లులవారు పాఠశాల నడపిరి. ఆ రోజులలో దాని నాదర్శముగా పొగడిరి. మంచిదే, పొగడవచ్చును. కాని ఏడు గంటలు నూలు దుమ్ములో నిలిచిన బిడ్డకు అక్షరములెంత కంటికానినవో ఆ తల్లియే చెప్పవలెను. 1922లో ఆ వయస్సు పండ్రెండునకు పెరిగినది.

మిల్లు తలుపుల యెదుటనే సెల్వపతి చెట్టియారు గారికి బట్టల యంగడి యుండెను. ఆయన, రామానుజులు నాయుడు గారు కలిసి భజనలు, పురాణకాలక్షేపములు జరుపు సభ నొకదానిని నడుపుచుండిరి. కూలీలు సాయంకాలము అచ్చట కూర్చుండి హరికథ వినిన పిమ్మట తమ కథయు చెప్పుకొనుచుండిరి. మధ్యాహ్నమున ఇచ్చు అరగంట విరామములో చేయి కడుగుకొని, మెతుకు నోట పెట్టుకొని, మరల తలుపు మూయులోపల లోపలికి పరుగెత్తుట వారికి దినదిన గండముగా నుండెను. మరి కొన్ని నిమిషములు కావలెననుటయే వారి తొలి కోరిక! ఈ మొర అనిబిసెంటమ్మగారి అనుచరుడైన బి.పి. వాడియా గారి చెవిని పడినది. ఆయన ఆంగ్లమున మాటాడగా తిరు.వి. కల్యాణసుందర ముదలియారు గారు తమిళమున చెప్పెడివారు. 1918 ఏప్రిల్ 27వ తేదీన మద్రాసు కార్మిక సంఘము వెలసినది. భారతదేశమున క్రమముగా సభ్యత్వముతో నడచిన తొలి కార్మిక సంఘములలో ఇది యొకటి. దాని పుట్టుకకు మూలము అన్నము తినుటకు చాలని ఒక అరగంట యని మన సోదరీమణులు గుర్తుంచుకొందురు గాక. భర్త తినక తెచ్చిన గిన్నెను సాయంకాలము తెరచి చూచిన గృహిణికి ఆ అరగంట యెంత చిన్నదో తెలియును.

తరువాతి కథలో కన్నీరే యెక్కువ. 1920 డిసెంబరులో మిల్లుల దగ్గర పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. సంఘ నాయకులు కూలీలను సమ్మెకు పురికొల్పరాదని హైకోర్టునుండి యజమానులు ఉత్తరువు తెచ్చిరి. కూలీల తరపున మాటాడుటయే నేరమగునా యని దేశమంతట ప్రశ్న పుట్టినది. 1926 నాటి కార్మిక సంఘముల చట్టమునకు ఈ పెరంబూరు వ్యాజ్యమే బీజము. 1921 మే నెలలో మొదలైన సమ్మె అక్టోబరు వరకు సాగినది. ఆదిద్రావిడులు పనిలోనికి పోయిరి, తక్కినవారు వెలుపల నిలిచిరి. ఒక్క యంత్రముకడ పక్కపక్కన పని చేసినవారు ఒకరి గుడిసె కొకరు నిప్పు పెట్టుకొనిరి. పులియంతోపులో అనేక గుడిసెలు కాలినవి, తుపాకీ కాల్పులలో మరల జనులు చనిపోయిరి. ఎవరిది తప్పు అని నూరేండ్ల తరువాత తీర్పు చెప్పుట సులువు కాదు. దినకూలి లేక బిడ్డల కడుపు మాడినపుడు పనిలోనికి పోయినవానిని మేము తప్పుపట్టజాలము. అన్నము తినుటకు సమయమడిగి వెలుపల నిలిచినవానిని కూడ తప్పుపట్టలేము. కులము పేర ఆ చీలికను పెద్దది చేసి లాభము పొందినవారిని మాత్రము క్షమింప మనసు రాదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట పెరంబూరునకు రెండవ యౌవనము వచ్చినదనవచ్చును. స్విట్జర్లాండు దేశపు కంపెనీవారి తోడ్పాటుతో ఇక్కడ రైలుపెట్టెల కర్మాగారమును కట్టి, 1955 అక్టోబరు 2వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారి చేత ప్రారంభింపజేసిరి. అదియే ఐ.సి.ఎఫ్. మన పాఠకురాండ్రలో దీని పేరు వినని వారుండవచ్చును గాని, దీని చేతిపని మీద కూర్చుండని వారుండరు. నీలి రంగు రైలుపెట్టెలో పై పలకమీద పిల్లను పడుకోబెట్టి, క్రింది పలకమీద పులిహోర పొట్లము విప్పుకొన్న ప్రతి తల్లియు పెరంబూరునకు అతిథియే. ఆ పాత తరహా పెట్టెల తయారీ 2018 జనవరిలో నిలిచిపోయినది. ఆ యేడాది చివరనే వందేభారతమని తరువాత పేరుపొందిన తెల్లని బండి ఈ కర్మాగారమునుండియే బయటికి వచ్చెను. సెంబియము వైపున సింప్సను కంపెనీవారి ఇంజనుల కర్మాగారము వెలసినది. పేపరు మిల్సు రోడ్డని యొక వీధి కలదు, కాగితపు మిల్లు మాత్రము మాకెక్కడను కనబడలేదు. 1975లో మన దేశమున మొట్టమొదటిసారిగా గుండె రక్తనాళములకు బైపాసు శస్త్రచికిత్స జరిగినది ఈ పెరంబూరు రైల్వే ఆసుపత్రిలోనే. చేసినవారు డాక్టరు కె.ఎం. చెరియను గారు. మైలాపూరు బంధువులు ముఖము చిట్లించునపుడు ఈ మాట వారికి చెప్పవచ్చును!

మిల్లుల సంగతి మరియొక విధముగా నడచినది. పాతబడిన యంత్రములు, మరమగ్గముల పోటీ, అప్పులు, కార్మికులతో కలహములు, అన్నియు కలిసి 1996లో ఆ మిల్లులు మూతపడినవి. నూట యిరువది యేండ్లు మ్రోగిన కూత నిలిచిపోయెను. విచిత్రమేమనగా, ఆ యేడాదియే తెలుగుగంగ ద్వారా కృష్ణానది నీరు చెన్నపట్టణపు చెరువులకు వచ్చి చేరినది. ఒకప్పుడు కాలువలో ధాన్యము పంపిన మన దేశము ఇప్పుడు మరియొక కాలువలో మంచినీరు పంపుచున్నది.

మిల్లు ఆవరణ చాల కాలము పాడుపడి యుండెను. పెరిగిన తుమ్మ చెట్ల నడుమ, ఇనుప స్తంభముల నడుమ సినిమాలవారు పోట్లాటలు, పాటలు తీసికొనిరి. ఇప్పుడచ్చట ఆకాశము నంటు మేడలు లేచినవి. వాటికడ నిలుచుండి మేము తలయెత్తి అంతస్తులు లెక్కపెట్టబోయి మెడ నొప్పి పుట్టి మానితిమి. వీధి కీవలనున్న ఓట్టేరి సందులలో మాత్రము మిల్లు కాలపు చిన్న పెంకుటిండ్లు ఇంకను మిగిలియున్నవి.

అట్టి యింట ఒక అవ్వగారు మాకు మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టిరి. పుట్టినిల్లు నాయుడుపేట పక్క పల్లె, పదునారేండ్లకు కాపురమునకు వచ్చినారట. ఆమె భర్త బట్టల మిల్లులో నేత విభాగమున పని చేసినవారు. “కూత నిలిచిన మొదటి నెల నాకు పొద్దే తెలియలేదమ్మా. గడియారం గోడకే ఉంది. అయినా అన్నం ఎప్పుడు వార్చాలో చేతికి తెలియలా. ఆయన మాత్రం కూత వేళకు లేచి, చొక్కా తొడుక్కొని, అరుగు మీద కూచునేవాడు. ఎక్కడికయ్యా అంటే మాటాడేవాడు కాదు” అని ఆమె చెప్పుచుండగా మాకు మజ్జిగ గొంతు దిగలేదు. ఆయన తరువాత రాత్రి కావలి పనికి కుదిరి, కొలది యేండ్లకు గతించినారట. అవ్వగారు కుట్టు మిషను కొని పావడాలు కుట్టి యిద్దరు కుమారులను చదివించిరి. ఆ మిషను ఇంకను కిటికీ క్రిందనే యున్నది. మనుమరాలు ఐ.సి.ఎఫ్.లో వెల్డింగు పని నేర్చుకొనుచున్నది. మేముండగనే ఆ పిల్ల నీలి చొక్కాతో ఇంటికి వచ్చి, కన్నులమీది అద్దములు తీసి అలమారలో పెట్టి, అవ్వకు మందు వేళ యైనదని గుర్తుచేసినది. తాత మగ్గముకడ నిలిచిన పేటలో మనుమరాలు ఇనుము నతుకుచున్నది.

మంచినే చెప్పి ఊరుకొన్న ఆ తెనాలి సోదరి మమ్ము నమ్మవలసిన పనిలేదు. పట్టణమంతటికిని అక్కరలేనిదంతయు ఉత్తరపు వైపునకే త్రోయుట ఏనాటినుండియో వచ్చిన అలవాటు. నగరపు చెత్తలో పెద్ద భాగము కొడుంగయూరునకే పోయి గుట్టలుగా పడినది. పశువధశాల యిచ్చటనే. విద్యుచ్ఛక్తి పొగయు, నూనె కర్మాగారముల వాసనయు ఇంకను ఉత్తరపు దిక్కునకే. ఓట్టేరి కాలువ వానకాలమున పొంగిన పల్లపు వీధులలో నీరు నిలుచును. 2023 డిసెంబరు తుపానులో పులియంతోపు, వ్యాసర్పాడి, పెరంబూరు పల్లపు భాగములలో నీరు ఇండ్లలో చేరినది. గణేశపురము రైలు వంతెన క్రిందిదారి పెద్దవానకు మునుగుట ప్రతి యేటి ముచ్చట. ఈ దోషములు కూలీలవి కావు. పన్ను కట్టించుకొని కాలువ తీయింపనివారివి. అయినను బాధ పడువారు అచ్చట కాపురమున్నవారే గనుక దాచి చెప్పుట తగదు.

ఇక వెచ్చములు, బడులు, గుడుల సంగతి. పెరంబూరు హైరోడ్డులో కూరగాయలు మనకు తెలిసిన పట్టణపు తక్కిన పేటలకంటె చౌకయని తోచినది. తెలుగు మాట ప్రతి మూడవ అంగడిలో వినబడినది, గోంగూర కూడ దొరకినది. లూర్దుమాత కోవెల, మసీదులు, పెరుమాళ్ల గుడి అన్నియు నడకదూరములోనే యున్నవి. 2020 తరువాత భూగర్భ రైలు మార్గపు పనులు మొదలగుటచే కొన్ని వీధులు త్రవ్వి యుండినవి, దుమ్ము మెండుగా నున్నది. రాత్రి తొమ్మిది గంటలకు పనిశాల షిఫ్టు విడిచి వచ్చు స్త్రీలను, ట్యూషను ముగించి వచ్చు ఆడపిల్లలను వీధిలో నిర్భయముగా నడచుచుండగా చూచితిమి. ఏ వాకిట చూచినను ఎవరో యొకరు కూర్చుండి “ఎక్కడికి?” అని అడుగుదురు. మైలాపూరువారికది మోటుతనముగా తోచవచ్చును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లకు అది కొంత తోడే.

సెలవు తీసికొనుచు, తెనాలినుండి జాబు వ్రాసిన తల్లి సంగతి అవ్వగారికి చెప్పి, “మీరేమందురు?” అని అడిగితిమి. ఆమె కొంచెమాలోచించి చెప్పిన మాటలను ఆ సోదరికి యథాతథముగా అందజేయుచున్నాము: “కుళాయి నీళ్లు తెల్లవారి వస్తాయి, బిందెలు ముందే కడిగి పెట్టుకోవాలి. ఇల్లు మేడ మీదే చూడమను, వానకాలం వస్తుంది. మొదటి నెల ఏం కావాలన్నా నా దగ్గరికి పంపమను. ఓట్టేరిలో మిషనవ్వ అంటే ఎవరైనా చూపిస్తారు.”